భుజం ఊసెత్తకుండా

జడ్జిగారు ఉత్తర్వు చదువుతున్నంతసేపూ ఆమె నిద్ర ఆపుకుంటూనే ఉంది. తెల్లారకముందే లాండ్రీలో పనికెక్కి, ఆసుపత్రి దుప్పట్లన్నీ మడతపెట్టి, ముఖమైనా కడుక్కోకుండా కోర్టుకొచ్చిన మనిషి. పక్కన మొగుడు మాత్రం వెన్ను నిటారుగా పెట్టి, ఒక్క ముక్క కూడా కింద పడనివ్వనన్నట్టు వింటున్నాడు. ఇది ఎన్నో పిటిషనో ఆమె లెక్కపెట్టడం ఏనాడో మానేసింది. ప్రతిసారీ చివర్న 'కొట్టివేయడమైనది' అనే మాట వచ్చేది. అది చెవిన పడగానే లేచి, సంచీ భుజాన వేసుకుని, బస్సు కోసం పరిగెత్తడం ఆమెకు అలవాటు.

ఈసారి ఆ మాట వచ్చింది. ఆమె సంచీ అందుకుంది. జడ్జిగారు మాత్రం ఆగలేదు.

"ఈ పిటిషనరు తేలిపోయిన విషయాన్నే మళ్ళీ మళ్ళీ ఈ కోర్టు ముందుకు తెస్తున్నారు. ఇకమీదట ఆ ప్రమాదానికి సంబంధించిన ఏ కాగితాన్నీ ముందస్తు అనుమతి లేకుండా కోర్టు ఆఫీసు గానీ కార్మికుల గాయాల నిధి గానీ స్వీకరించకూడదు. అనుమతి కోరే దరఖాస్తు రెండు పేజీలు మించకూడదు. అందులో కొత్త సంగతి ఒక్కటే ఉండాలి. పాత సంగతి కనిపిస్తే విచారణ లేకుండానే తిప్పి పంపుతాం."

బయట వరండాలోకి వచ్చాక ఆయన స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"రెండు పేజీలంటే రెండు పేజీలేనా?"

"అంతేగా మరి. రెండంటే పన్నెండా?"

"దేనికి సరిపోతాయే అవి? లాండ్రీ గేటు దాటి లోపలికి రావడానికే మూడు పేజీలవుతుంది నాకు."

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండింటికీ ఓపిక లేక బస్టాపు వైపు నడిచింది.

వీధిలో ఆయన్ని అందరూ అప్పీలాయన అంటారు. ఆమెను అప్పీలావిడ అంటారు. కూరల దగ్గర బేరమాడితే "అప్పీలుకు పోతావా ఏంటమ్మా" అని దుకాణదారు నవ్వుతాడు. పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ అన్నట్టు, ఆయన పాడే పాట కూడా ఒక్కటే.

ఆ పాట ఇది. ఆ రోజుల్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకే షిఫ్టులో పనిచేసేవాళ్ళు. తడి దుప్పటిని ఇటువైపు ఇద్దరు పట్టుకుని వేడి రోలరు కిందికి తోస్తే, అటువైపు ఇద్దరు ఇస్త్రీ అయిన దాన్ని అందుకుని మడతపెడతారు. ఆయన తోసేవైపు, ఆమె అందుకునేవైపు. ఒకరోజు దుప్పటి మూల ఒకటి ఆయన ఎడమచేతికి చుట్టుకుంది. రోలరు దుప్పటితోపాటు చేతిని కూడా లాక్కుంది. చిటికెన వేలూ, దాని పక్క వేలూ కిందికి పోయాయి. మిషను ఆపేలోగా ఆయన చెయ్యి వెనక్కి గుంజాడు. వేళ్ళు కాలి నలిగాయి, భుజంలో ఏదో తెగినట్టయింది.

ఆ లాండ్రీలో ఎవరికి దెబ్బ తగిలినా ముందు అడిగేది నొప్పిగా ఉందా అని కాదు, రేపు రాగలవా అని. గేటు పక్కన ప్రమాదం లేకుండా గడిచిన రోజులు లెక్కరాసే బోర్డు ఒకటి ఉండేది. మనిషిని పనికి రాకుండా కూర్చోబెట్టే ప్రమాదమేదీ లేకుండా ఒక గడువు గడిస్తే షిఫ్టు మొత్తానికి ఒక రోజు సెలవు ఇచ్చేవాళ్ళు. కట్టు కట్టించుకుని మర్నాడు పనికొస్తే దాన్ని ప్రమాదంగా లెక్కించరు. మంచాన పడితే బోర్డు మళ్ళీ సున్నా దగ్గరికి వస్తుంది. ఆయన వేళ్ళు రోలరు కింద పడేనాటికి గడువు వాకిట్లోకి వచ్చి ఉంది. షిఫ్టులో నిద్ర చాలని మనుషులు, సెలవంటే నోరూరే మనుషులు. ఆయన్ని చుట్టూ మూగి బతిమాలారు.

"వేళ్ళకి నెత్తురు కారుతోంది, దాన్నెలాగూ దాచలేం. భుజానికేం బావా, పైకి కనిపిస్తుందా పెడుతుందా? దాని ఊసెత్తకు."

ఆయన ఎత్తలేదు. అంతటితో ఆగినా బాగుండేది. చెయ్యి పైకెత్తమన్న డాక్టరుకి, ఎత్తలేక, "భుజం పాతనొప్పండీ, పక్క సరిగ్గా లేక" అని తన నోటితోనే చెప్పాడు. డాక్టరు అది రాసుకున్నాడు. కట్టు చేత్తోనే మర్నాడు పనికొచ్చాడు, షిఫ్టుకి సెలవొచ్చింది. ఆ రోజు అందరూ కడుపునిండా నిద్రపోయారు. ఆమె కూడా పోయింది, అబద్ధమెందుకు.

పనిలో దెబ్బ తగిలినవాళ్ళకి డబ్బిచ్చే గాయాల నిధివాళ్ళు వేళ్ళని ఒప్పుకుని వైద్యం చేయించారు, పరిహారమిచ్చారు. భుజం నయం కాలేదు, పనికి పనికిరాలేదు. దానికీ ఇవ్వమంటే పాతనొప్పని నువ్వే చెప్పావుగా అన్నారు. సాక్ష్యం చెప్పమని ఆయన షిఫ్టువాళ్ళ ఇళ్ళకి తిరిగాడు. "మేం దుప్పటికి అటు చివర ఉన్నాం గదా బావా, మాకేం కనిపిస్తుంది?" అన్నారు. ఇటు చివర ఉన్నవాడేమో ఊరొదిలి పోయాడు. ఆమె చెప్పిన సాక్ష్యాన్ని భార్య సాక్ష్యమని పక్కన పెట్టారు. అక్కడ మొదలైంది. కింది కోర్టు, పై కోర్టు, మళ్ళీ కింది కోర్టు. ఒకసారి డాక్టరు మీద, ఒకసారి బోర్డు మీద, ఒకసారి నిధివాళ్ళ మీద. కాగితం మారేది గానీ భుజం మారలేదు.

ఉత్తర్వు వచ్చాక కొన్నాళ్ళు ఇల్లు చడీచప్పుడూ లేకుండా ఉంది. ఆయన పొద్దున్నే లేచి, అలవాటు కొద్దీ చొక్కా తొడుక్కుని, ఎక్కడికి పోవాలో తెలీక గడప మీద కూర్చునేవాడు. ఆమెకు జాలేసేది. లోలోపల హమ్మయ్య అనీ అనిపించేది. తెగేదాకా లాగితే తెగకుండా ఉంటుందా, ఇన్నాళ్ళకి తెగింది, పీడా పోయింది అనుకుంది.

ఒకరోజు ఇద్దరూ బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే ఆయన ఎడమచెయ్యి ప్యాంటు జేబులోనే ఉంది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పేటప్పుడూ అక్కడే ఉంది.

"జేబులో ఏముందయ్యా?" అంది.

"చెయ్యి."

"అది తెలుసులే. చేతిలో ఏముందని."

"ఏమీ లేదు. బయటికి రావడం లేదు."

ఆమె జేబు తిరగేసి తీసింది. ఆ రెండు వేళ్ళూ కొక్కేల్లా అరచేతిలోకి వంగిపోయి ఉన్నాయి. చాపబోతే ఆయన అబ్బా అన్నాడు.

"ఎప్పట్నుంచి ఇలా?"

"మెల్లిగా వంగుతున్నాయి. భుజం సంగతి తేలితే ఇదీ దాంతోపాటే..."

"ఆపు" అంది ఆమె.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వేళ్ళు అటూ ఇటూ తిప్పి చూసింది. పాత కాలిన మచ్చ లోపల బిగుసుకుపోతోందనీ, ఆపరేషన్ చేస్తే తెరుచుకుంటాయనీ, ఆలస్యమైతే తక్కిన వేళ్ళు కూడా వీటి వెంటే పోతాయనీ చెప్పింది. "వేళ్ళ గాయం నిధివాళ్ళు ఒప్పుకున్నదేగా. అది ముదిరితే వైద్యం వాళ్ళే చేయించాలి. అడగండి" అంది. అడిగితే నిధి ఆఫీసులో కోర్టు ఉత్తర్వు తీసి చూపించారు. ఆ రోజు ప్రమాదం పేరుతో మీ దగ్గర్నుంచి ఏదీ తీసుకోం, అనుమతి తెచ్చుకోండి అన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదేనేమో. నిజంగా కొత్త సంగతి పుట్టేసరికి తలుపు మూసేసి ఉంది, మూయించుకున్నది కూడా ఆయనే.

కోర్టు వరండాలో కంప్యూటరు పెట్టుకుని పిటిషన్లు కొట్టేవాణ్ణి అందరూ టైపు బాబాయ్ అంటారు. మొగుడి పిటిషన్లన్నీ ఆ బాబాయ్ చేతి మీదుగా పుట్టినవే.

"రావయ్యా రా. భుజం అనే మాటకి ఈ మిషన్లో ప్రత్యేకంగా ఒక మీట పెట్టించాను నీకోసం. ఉత్తర్వు వచ్చాక దుమ్ము పట్టిపోతోంది" అన్నాడు బాబాయ్.

"భుజం కాదు బాబాయ్, వేళ్ళు. వేళ్ళొక్కటే" అంది ఆమె, మొగుడు నోరు తెరవకముందే.

బాబాయ్ కళ్ళజోడు పైకి తోసుకుని, "చెప్పు" అన్నాడు.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు పొద్దున తడి దుప్పట్లు వచ్చాయి. రోలరు దగ్గర..."

"వేళ్ళు" అంది ఆమె.

"వస్తున్నా. దుప్పటి మూల చేతికి చుట్టుకుని వేళ్ళు లోపలికి పోయాయి. అప్పుడు చెయ్యి గుంజితే భుజం..."

బాబాయ్ వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. "ఇదిగో, పాత సంగతి వచ్చిందంటే చదవకుండానే తిప్పికొడతారు. ఇప్పుడు వేళ్ళు వంగుతున్నాయి, ఆపరేషన్ కావాలి, డాక్టరు చీటీ ఇదిగో. మూడే మూడు ముక్కలు."

"వేళ్ళు దేనికి అంటుకున్నాయి బాబాయ్? చేతికి. చెయ్యి దేనికి అంటుకుంది? భుజానికి. మధ్యలో ఎక్కడ నరుక్కోమంటావ్?"

పక్క బల్ల దగ్గర కూర్చున్న ప్లీడరు గుమాస్తా కిసుక్కున నవ్వాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"ఏమయ్యా, ఆ వేళ్ళు కావాలా అక్కర్లేదా నీకు? నాకు చెప్పు. అక్కర్లేదంటే చెప్పు, నేను పోయి కాసేపు పడుకుంటాను. నీకు చొక్కా బొత్తాలు పెట్టేది నేను. నీకు సబ్బు రుద్దేది నేను. రేపు అన్నం కలిపి పెట్టేది కూడా నేనే."

ఆయన కంప్యూటరు తెర వైపు చూశాడు. తర్వాత మెల్లిగా అన్నాడు.

"రాయకపోతే లేదని ఒప్పుకున్నట్టే గదే. ఒకసారి లేదన్నాను. మళ్ళీ నా నోటితోనే అనమంటావా?"

"లేదని రాయక్కర్లేదయ్యా. దాని ఊసెత్తకపోతే చాలు" అన్నాడు బాబాయ్.

"ఆ రోజు వాళ్ళూ అదే అన్నారు" అన్నాడు ఆయన. లేచి వెళ్ళిపోయాడు.

  ఇన్నేళ్ళుగా ఆమె అది మొండితనం అనుకుంది, ఉడుంపట్టు అనుకుంది, ఒక్కోసారి పిచ్చి కూడా అనుకుంది. అందరి సెలవు కోసం ఒక్కసారి నోరు మూసుకున్న మనిషికి మళ్ళీ నోరు మూసుకోమంటే ఎలా ఉంటుందో మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. అయినా వేళ్ళు వంగుతూనే ఉన్నాయి. అవి ఎవరి న్యాయం కోసమూ ఆగేవి కావు.

లాండ్రీలో ఆమెతో జోడీగా మడతలు వేసే పొడుగక్క సంగతి విని, దుప్పటి రెండు కొసలూ కలుపుతూ అంది. "మీ ఆయన కడుపులో ఆ కథ ఉడుకుతున్నంత కాలం మూత తన్నుకునే ఉంటుంది. కోర్టులో పొంగేకంటే ఇంట్లో పొంగించెయ్. నువ్వే కూర్చుని వినరాదూ?"

"వినలేదా నేను? వినీ వినీ చెవులు తూట్లు పడ్డాయి."

"నువ్వు విన్నది సగం సగం. ఆపు, ఆపు అంటూ విన్నావు. అదేం వినడం?"

ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చి ఆమె కాళ్ళు కడుక్కుంది. చాప వేసుకుని గోడకి ఆనుకుని కూర్చుంది.

"చెప్పు" అంది.

"ఏంటి?"

"అంతా చెప్పు. మొదట్నుంచీ. నేను మధ్యలో మాట్లాడను."

ఆయన ఆమెను అనుమానంగా చూశాడు. తర్వాత ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని మొదలుపెట్టాడు. తడి దుప్పట్లు, ఆవిరి, ఆ రోజు రోలరు చేసిన కొత్త చప్పుడు. కోర్టులో ఎన్నడూ చెప్పని సంగతులు కూడా వచ్చాయి. చెయ్యి లోపలికి పోతున్నప్పుడు అటువైపు ఆమె నవ్వుతూ ఎవరితోనో మాట్లాడుతుండటం కనిపించిందట. పిలవబోయి, పనిలో ఉన్నదాన్ని ఎందుకు పిలవడం అనుకున్నాడట. ఆమె వింది. నిజంగానే వింది. చుట్టూ మూగినవాళ్ళు ఏం అన్నారో విన్నది. ఆ కథలో ఆసుపత్రి గుమ్మం దాకా ఆయనతో నడిచింది. ఆ తర్వాత పొద్దుటి షిఫ్టు వచ్చి ఆమె కనురెప్పల మీద కూర్చుంది.

మెలకువ వచ్చేసరికి ఎండ గోడ దిగిపోయింది. మెడ కింద దిండు ఉంది. ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు. ఆమె సిగ్గుపడి గబుక్కున లేచి కూర్చుంది.

"ఎందాకా విన్నావ్?" అన్నాడు.

"డాక్టరు దాకా."

"అంతేలే. జడ్జీలు కూడా అక్కడికే పడుకుంటారు."

కోపంగా అనలేదు. "నిద్రలో కూడా మడతలు పెడుతున్నావే నువ్వు. చేతులు కదులుతూనే ఉన్నాయి" అన్నాడు. తర్వాత, "రేపు బాబాయ్ దగ్గరికి పోదాం. నువ్వే చెప్పు, నేను పక్కన కూర్చుంటా" అన్నాడు.

దరఖాస్తు రెండు పేజీలు కూడా కాలేదు, ఒక్కటే అయింది. బాబాయ్ అచ్చు తీసి, వెనక్కి తిప్పి ఖాళీగా ఉందని చూపించి, "నీ పేరు మీద ఇంత తెల్లకాగితం నేనెప్పుడూ చూడలేదయ్యా" అన్నాడు. ఆయన కుడిచేత్తో సంతకం పెట్టాడు. పెట్టేముందు రెండుసార్లు చదివాడు. ఏదో వెతుకుతున్నట్టు చదివాడు.

వాయిదా రోజున నిధి తరఫు ప్లీడరు లేచి నిలబడ్డాడు. అతను కూడా ఈ కేసులోనే జుట్టు నెరిసినవాడు. గొంతులో కోపం లేదు, విసుగు ఒక్కటే.

"ఇది దొడ్డిదారండీ. ఇవాళ వేళ్ళంటారు, రేపు మోచెయ్యి అంటారు, ఎల్లుండి పాత భుజమే మళ్ళీ వచ్చి ఇక్కడ నిలబడుతుంది. ఈయన సంగతి కోర్టువారికి కొత్త కాదు. అనుమతి ఇవ్వకూడదు."

జడ్జిగారు కాగితం తిరగేశారు. ఆ ఖాళీ వైపు కూడా చూశారు. తర్వాత కళ్ళజోడు తీసి ఆయన్ని నేరుగా అడిగారు.

"మీ భుజం సంగతేమిటి?"

వెనక బెంచీ మీద ఆమె ముందుకి జరిగింది. ఇన్నేళ్ళలో ఎన్ని మెట్లెక్కినా, ఏ జడ్జీ ఆయన్ని ఆ మాట అడగలేదు. అందరూ కాగితం చూసి చెప్పినవాళ్ళే. అడిగితే ఏం చెప్పాలో గడప మీద కూర్చుని గొణుక్కుంటుండగా ఆమె విన్నది ఎన్నిసార్లో. ఇప్పుడు మొదలుపెట్టాడా, వేళ్ళు పోయినట్టే. లేదన్నాడా... ఆ పై మాట ఆమె అనుకోలేకపోయింది. వెనక నుంచి ఆయన మెడ మాత్రమే కనిపిస్తోంది. 

ఆయన లేచాడు. ఎడమచెయ్యి కడుపుకి ఆనించి పట్టుకున్నాడు.

"నొప్పిగానే ఉందండీ" అన్నాడు.

ప్లీడరు చప్పున లేచాడు. "చూశారా అండీ, నేను చెప్తూనే..."

జడ్జిగారు ఆగమన్నట్టు చెయ్యి చూపించారు. "దాని గురించి ఇవాళ ఏమైనా అడుగుతున్నారా?"

హాల్లో ఎవరో దగ్గారు. ఆయన పెదవులు కదిలాయి. తడి దుప్పట్లన్నీ గొంతుదాకా వచ్చి ఆగినట్టు ఆమెకు కనిపించింది.

"లేదండీ. మీరు అడిగారు గనక ఉన్నమాట చెప్పాను. నేనొచ్చింది వేళ్ళ గురించి."

జడ్జిగారు చెయ్యి చూపించమన్నారు. ఆయన ముందుకి వెళ్ళి బల్ల మీద పెట్టాడు. అరచేతిలోకి ముడుచుకుపోయిన ఆ రెండు వేళ్ళనీ జడ్జిగారు చూశారు, ప్లీడరు కూడా మెడ చాచి చూశాడు. చూశాక ప్లీడరు తన కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"అనుమతి ఇవ్వడమైనది. వేళ్ళ వరకే."

బయటికి వచ్చి మెట్లు దిగి బస్టాపు దాకా నడిచారు. బాబాయ్ వరండాలోంచి ఏమైందన్నట్టు తలెగరేస్తే ఆమె అయిందన్నట్టు తలూపింది. సంతోషించాలని ఆమెకు తెలుసు. సంతోషం వచ్చే దారిలోనే ఎక్కడో కూర్చుండిపోయినట్టుంది.

"అడిగారు చూశావా" అన్నాడు ఆయన.

"ఊఁ."

"ఇన్నాళ్ళకి అడిగారు. అడిగితే చెబుదామని అన్నీ వరసగా పెట్టుకున్నాను. ఇప్పుడా మాటలన్నీ ఏం చేసుకోను?"

 బస్సు రావడానికి ఇంకా టైముంది. "నాకు చెప్పు" అంది. తనే మొదలుపెట్టింది. "ఆ రోజు పొద్దున తడి దుప్పట్లు వచ్చాయి. రోలరు ఏదో కొత్త చప్పుడు చేస్తోంది. తర్వాత?"

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఎగతాళి చేస్తోందేమో అని చూశాడు. కాదని తెలిశాక తల అడ్డంగా ఊపాడు.

"ఇవాళ వద్దులే. అలిసిపోయానే."

ఆ మాట ఆయన నోట ఆమె ఎప్పుడూ వినలేదు. బస్టాపు బెంచీ మీద కాస్త పక్కకి జరిగింది. ఆయన కూర్చున్నాడు.